పుస్తకం మూసి అప్పజెప్పుకుందాం
కాలేజీ పిల్లల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత గురించి కొన్ని మాటలు



మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజలో పుస్తకాలు పెట్టడం మనందరి ఇళ్లలో ఉన్నదే. మా చిన్నప్పుడు పలక, బలపం పెట్టేవాళ్లం. దోహాలో మన పిల్లలు ఇప్పుడు లాప్‌టాప్‌కు, కాలిక్యులేటర్‌కు కుంకుమ బొట్టు పెడుతున్నారు. సంతోషమే. అయితే పూజ అయ్యాక పులిహోర, చక్రపొంగలి చేతికిస్తూ ఎవరో ఒక తల్లి మమ్మల్ని పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది.

"డాక్టరు గారూ, మావాడు రాత్రి ఒంటిగంట దాకా చదువుతాడండీ. పరీక్ష హాల్లో ఏమీ గుర్తు రావట్లేదంటాడు. జ్ఞాపకశక్తికి ఏదైనా మంచి మందు రాసివ్వకూడదా?"

ఈ సీజన్లో ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. ఆగస్టు చివర సెమిస్టర్ మొదలవుతుంది, దసరా వచ్చేసరికి మిడ్‌టర్మ్ పరీక్షలు నెత్తిమీద ఉంటాయి. పక్కనే ఆ అబ్బాయో, అమ్మాయో తల వంచుకుని నిలబడి ఉంటారు. స్కూల్లో ఎప్పుడూ మొదటి వరుసలో ఉన్న పిల్లలే. కాలేజీకి రాగానే తమ బుర్ర మొద్దుబారిపోయిందని లోలోపల భయపడుతుంటారు. ఆ భయం మాకు బాగా తెలుసు. అందుకే ప్రసాదం తింటూ రెండు నిమిషాల్లో చెప్పలేకపోయిన జవాబును ఈ సంచికలో తీరిగ్గా రాస్తున్నాం.

మా కథ ముందు

1990ల చివర మేము ఆరుగురం తెలుగు పిల్లలం వైద్యవిద్యకు రష్యా వెళ్లాం. అక్కడ అనాటమీ పరీక్ష నోటితో చెప్పాలి. బల్లమీద చీటీలు బోర్లించి ఉంటాయి. వాటిని 'బిలెట్' అంటారు. ఒక చీటీ తీసుకుని, కాసేపు కూర్చుని ఆలోచించుకుని, ప్రొఫెసరు ఎదుట చెప్పాలి. అయిదు వస్తే బాగా వచ్చినట్టు, రెండు వస్తే తప్పినట్టు.

మేము ఆ పుస్తకాన్ని అయిదుసార్లు చదివాం. పసుపు రంగు పెన్నుతో గీతలు గీసీ గీసీ పేజీలన్నీ పసుపు రాసిన గడపల్లా తయారయ్యాయి. పుస్తకం తెరిస్తే ప్రతి వాక్యం తెలిసినట్టే ఉండేది. చీటీ తీసి చూస్తే చేతి నరాల గురించిన ప్రశ్న. ఆ పేజీ కుడివైపున ఉందని గుర్తుంది, బొమ్మ కింద ఉందనీ గుర్తుంది. పేజీలో ఏముందో మాత్రం నోటికి రాలేదు. ఆరుగురిలో నలుగురికి 'రెండు' వచ్చింది. ఈ వ్యాసం రాస్తున్న మేము ఆ నలుగురిలో ఒకరం. ఊళ్లో నాన్నగారు అప్పుచేసి పంపిన ఫీజు గుర్తొచ్చి ఆ నెల ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ సంగతి చెప్పలేదు.

హాస్టల్లో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉండేవారు. మా పసుపు పుస్తకం చూసి నవ్వి, దాన్ని మూసి తన మోకాలి కింద పెట్టుకుని, "ఇప్పుడు అప్పజెప్పరా" అన్నారు. మేము నీళ్లు నమిలాం. "చూడకుండా చెప్పలేకపోతే నువ్వు చదవనట్టే. ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు పద్యం అప్పజెప్పించుకోలేదా? ఇక్కడికొచ్చాక ఎందుకు మానేశావు?" అన్నారు. ఆ తరవాత నాలుగు వారాలు రోజూ రాత్రి ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం. మళ్లీ రాసినప్పుడు నలుగురమూ గట్టెక్కాం. ఇండియాకు తిరిగొచ్చి రాసిన 300 ప్రశ్నల స్క్రీనింగ్ పరీక్షకూ, ఖతార్‌లో వైద్యం చేయడానికి రాసిన ప్రొమెట్రిక్ పరీక్షకూ అదే పద్ధతి మమ్మల్ని కాపాడింది.

ఆ సీనియర్ చెప్పింది ఉబుసుపోక మాట కాదనీ, దాని వెనుక శాస్త్రం ఉందనీ మాకు తరవాత తెలిసింది.

జ్ఞాపకం అంటే ఏమిటి?

జ్ఞాపకాన్ని బీరువాలో పెట్టిన వస్తువులా ఊహించుకుంటాం. నిజానికి మూడు పనులు జరగాలి. విన్నది, చూసింది మనసుకు ఎక్కాలి. ఎక్కింది నిలవాలి. నిలిచింది అడిగినప్పుడు బయటికి రావాలి. పిల్లలు మొదటి పనికే సమయమంతా ఖర్చుపెడతారు. పరీక్ష అడిగేది మూడోదాన్ని.

మెదడులో కణతల లోపలివైపు హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంది. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అది ఎంత అవసరమో 1953లో అమెరికాలో జరిగిన ఒక శస్త్రచికిత్స వల్ల ప్రపంచానికి తెలిసింది. హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గించడానికి ఆ భాగాన్ని రెండు వైపులా చాలావరకు తొలగించారు. మూర్ఛ తగ్గింది కాని, ఆ తరవాత కలిసిన మనుషులను, జరిగిన సంగతులను అతడు గుర్తుంచుకోలేకపోయాడు. విచిత్రమేమంటే, అద్దంలో చూస్తూ బొమ్మ గీసే పని ఇస్తే రోజురోజుకూ మెరుగయ్యాడు. నిన్న ఆ పని చేసినట్టు మాత్రం అతనికి గుర్తులేదు. చేతికి అబ్బే నేర్పు వేరు, సంగతులు గుర్తుండడం వేరు అని దానివల్ల తెలిసింది. 2008లో ఆయన మరణించేవరకు శాస్త్రవేత్తలు ఆయన దగ్గర నేర్చుకుంటూనే ఉన్నారు.

అంతకు చాలా ముందే, 1885లో, హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు మరుపును కొలిచాడు. అర్థంలేని అక్షరాల జాబితాలు తానే కంఠస్థం చేసి, కొంతకాలానికి వాటినే మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గుతుందో లెక్కవేశాడు. ఒక రోజు గడిచేసరికి మిగిలిన లాభం మూడోవంతు. నెల తరవాత అయిదోవంతు. ఇందులో గమనించవలసింది, మరుపు మొదటి రోజే చాలావరకు జరిగిపోతుంది, ఆ తరవాత నెమ్మదిస్తుంది. అర్థమున్న పాఠం ఇంత త్వరగా పోదు. అయినా ఆదివారం విన్న లెక్చరును పరీక్ష ముందురోజు దాకా తెరవకపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

కాబట్టి మరిచిపోవడం జబ్బు కాదు. అందరి మెదడూ చేసే పనే. దానికి మందు కంటే పద్ధతి ముఖ్యం.

అప్పజెప్పడంలో ఉన్న బలం

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక బృందం పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలు పాఠం చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే నాలుగు విడతలు చదివినవాళ్లే ముందున్నారు. వారికి నూటికి 83 పాళ్లు గుర్తుంది, రెండోవారికి 71 పాళ్లు. వారం తరవాత పరీక్ష పెట్టినప్పుడు లెక్క తిరగబడింది. నాలుగు విడతలు చదివినవారికి 40 పాళ్లు, చూడకుండా రాసినవారికి 61 పాళ్లు గుర్తుంది. తమకు బాగా గుర్తుంటుందని ముందుగా ధీమాగా చెప్పింది మాత్రం పదేపదే చదివినవాళ్లే!

మా పసుపు పుస్తకం రహస్యం ఇదే. మళ్లీ మళ్లీ చదివితే పాఠం పరిచయమవుతుంది. ఆ పరిచయాన్నే మనం జ్ఞానం అనుకుంటాం. వీధిలో రోజూ కనిపించే మనిషి ముఖం తెలుసు కదా అని ఆయన పేరు తెలిసినట్టు కాదు. 2013లో డన్‌లోస్కీ, ఆయన సహచరులు పది రకాల చదువు పద్ధతులను పరిశీలించి, గీతలు గీయడం, ఊరికే తిరిగి చదవడం తక్కువ ప్రయోజనం గలవని, తనను తాను పరీక్షించుకోవడం, విరామాలిచ్చి చదవడం ఎక్కువ ప్రయోజనం గలవని తేల్చారు.

మన భాషలో దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది. అప్పజెప్పడం. మాస్టారు ఇచ్చిన సొమ్మును మాస్టారికి తిరిగి ఇచ్చేయడం. అయితే ఒక హెచ్చరిక. అర్థం తెలియకుండా బట్టీపట్టి అప్పజెప్పమని మేము అనడం లేదు. కాలేజీ చదువులో ప్రశ్న మారిపోతుంది. "ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు" అని సొంత మాటల్లో చెప్పగలగాలి. లెక్కల విద్యార్థి అయితే పరిష్కారం మూసిపెట్టి తెల్లకాగితం మీద మొదటి అడుగు నుంచి చేయాలి. అదే అతని అప్పజెప్పడం.

మన అవధానులు నేర్పేది

ఏకాగ్రతకు మన సంస్కృతంలో మరో పేరు అవధానం. దాన్నే ఒక కళగా మార్చింది మన తెలుగువాళ్లు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గార్లు తిరుపతి వేంకట కవులుగా గద్వాల, ఆత్మకూరు, వనపర్తి వంటి సంస్థానాలలో అవధానాలు చేసి ఆ కళకు ఎనలేని ప్రచారం తెచ్చారు. మన కాలంలో మాడుగుల నాగఫణి శర్మ, మేడసాని మోహన్, గరికిపాటి నరసింహారావు గార్ల అవధానాలు మనలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారు ఈ సెలవుల్లో పిల్లలతో కలిసి ఒక రికార్డింగు చూడండి. వైద్యుల కంటితో చూస్తే అందులో జ్ఞాపకశక్తి పాఠం మొత్తం ఉంది.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఇంకొకరు నిషిద్ధాక్షరి. ఒకరు మధ్యమధ్య గంట కొడతారు, ఎన్నిసార్లు కొట్టారో చివర చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన వేళాకోళం ప్రశ్నలతో దృష్టి మళ్లించడమే పనిగా కూర్చుంటారు. అవధాని ఒకేసారి ఎనిమిది పనులు చేస్తున్నారని మనం అనుకుంటాం. జాగ్రత్తగా గమనిస్తే అలా కాదు.

మొదటి సంగతి, ఆయన ఒక్కో క్షణంలో ఒక్క పృచ్ఛకుడితోనే ఉంటారు. ఆయనకు పద్యంలో ఒక పాదం చెప్పి, పూర్తిగా ముగించి, తరవాతి వారి దగ్గరికి వెళతారు. ఒక పని మధ్యలో ఉండగా మరో పనిలో వేలు పెట్టరు. మెదడు చేతిలో ఒకేసారి పట్టుకోగలిగిన విషయాలు సుమారు నాలుగేనని పరిశోధకులు అంటారు. అవధాని ఆ పరిమితిని దాటే ప్రయత్నం చేయరు, దాన్ని గౌరవించి పని చేస్తారు.

రెండవది, ప్రతి పృచ్ఛకుడి దగ్గరికి మళ్లీ వచ్చినప్పుడు ముందు చెప్పిన పాదాన్ని గుర్తుచేసుకుని దానికి కొనసాగింపు చెబుతారు. అంటే కాస్త విరామం, మళ్లీ తలచుకోవడం. మళ్లీ విరామం, మళ్లీ తలచుకోవడం. పద్యానికి నాలుగు పాదాలు గనుక నాలుగు ఆవృత్తులు. శాస్త్రవేత్తలు 'విరామాలిచ్చి చదవడం' అనేది ఇదే.

మూడవది, ఛందస్సు. గణం, యతి, ప్రాస ఉన్న పద్యం విడి మాటల కుప్ప కాదు, ఒక మాట మరో మాటను లాక్కొస్తుంది. ప్రాసాక్షరం గుర్తుంటే పాదం మొదలు దొరుకుతుంది. పాఠానికి కూడా ఇలాంటి కట్టు వేసుకోవాలి. మన 8 అంకెల ఖతార్ మొబైల్ నంబరునే నాలుగు నాలుగుగా విడగొట్టి చెబితే నోటికొస్తుంది, ఒక్క తాడులా చెబితే రాదు. కారణం, ఫలితం, పోలిక, తేడా అనే కొక్కేలకు తగిలించిన విషయం జారిపోదు.

చివరిది ధారణ. అన్నీ అయ్యాక పద్యాలన్నీ వరసగా తిరిగి చెబుతారు. ధారణ లేని అవధానం పూర్తయినట్టు కాదు. మరి మన పిల్లలు ధారణ చేయకుండానే చదువు పూర్తయిందని పుస్తకం మూసేస్తున్నారు!

వేదపాఠం గురించి కూడా ఒక మాట. క్రమపాఠంలో మొదటి పదం, రెండవ పదం కలిపి చెబుతారు. తరవాత రెండు, మూడు. ఆ తరవాత మూడు, నాలుగు. జటాపాఠంలో ముందుకు, వెనక్కు, మళ్లీ ముందుకు వెళతారు. పుస్తకం లేకుండా తరతరాలకు ఒక్క స్వరం తప్పకుండా అందించడానికి మన పెద్దలు కట్టుకున్న తనిఖీ పద్ధతి అది. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 21 మంది యజుర్వేద పండితుల మెదళ్లను, వేదం చదవని మరో 21 మంది మెదళ్లతో స్కానింగ్ చేసి పోల్చారు. కుడివైపు హిప్పోకాంపస్‌తో సహా కొన్ని భాగాలలో పండితుల మెదడు పదార్థం ఎక్కువగా కనిపించింది. మనకు గర్వంగా ఉంటుంది, నిజమే. అయితే ఒక్కసారి తీసిన స్కానింగు వల్ల, వేదం చదవడం వల్లనే అలా అయిందని రుజువు కాదు. పైగా వారిది ఏళ్ల తరబడి రోజూ చేసిన సాధన. పరీక్ష ముందు వారం రోజులు శ్లోకం వింటే కెమిస్ట్రీ గుర్తుంటుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ప్రార్థన మనసును కుదుటపరుస్తుంది. కుదుటపడిన మనసుతో చదవడం మన వంతు.

దోహాలో మన పిల్లల సమస్యలు

పద్ధతి తెలిసినా శరీరం సహకరించాలి. మేము క్లినిక్‌లో చూసే పిల్లలలో చాలామందికి సమస్య ఇక్కడే ఉంది.

నిద్ర. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఇద్దరు విద్యార్థుల చేత జాబితాలు నేర్పించి, నిద్రపోయాక కొన్నిసార్లు, మెలకువగా తిరిగాక కొన్నిసార్లు పరీక్షించారు. నిద్రపోయినప్పుడే మరుపు తక్కువ. అదే కార్నెల్ వారి వైద్య కళాశాల 2001 నుంచి మన ఎడ్యుకేషన్ సిటీలో ఉంది. పగలు నేర్చుకున్నది గాఢనిద్రలో స్థిరపడుతుందని ఆ తరవాత ఎన్నో పరిశోధనలు చూపించాయి. 18 నుంచి 25 ఏళ్లవారికి రోజుకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. రాత్రంతా మేలుకుని చదవడం అంటే వండిన అన్నాన్ని వార్చకుండా పారబోయడమే.

ఇక్కడ మనకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఇండియా కాలమానానికి మనం రెండున్నర గంటలు వెనుక. నీట్ కోసమో, జేఈఈ కోసమో హైదరాబాదు ఆన్‌లైన్ కోచింగులో చేరిన పిల్లవాడికి అక్కడ ఉదయం ఆరున్నర క్లాసు అంటే ఇక్కడ తెల్లవారుజామున నాలుగు. రాత్రి స్నేహితులతో ఫోను, తెల్లవారుజామున కోచింగు, ఏడింటికి కాలేజీ బస్సు. ఆ పిల్లవాడికి జ్ఞాపకశక్తి తగ్గలేదు, నిద్ర తగ్గింది. రికార్డు చేసిన పాఠం సాయంత్రం వినే వీలుంటే అదే తీసుకోండి. లేదా రాత్రి పెందలాడే ఇంట్లో దీపాలు ఆర్పండి. పెద్దలు టీవీ పెట్టుకుని కూర్చుని పిల్లలను పడుకోమంటే కుదరదు.

కరక్ చాయ్, ఎనర్జీ డ్రింకులు. కరక్ మనకూ ఇష్టమే. కాని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికి తాగింది రెండింటికి కూడా సగం పనిచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక వద్దు.

ఫోను. దాన్ని బోర్లా తిప్పి పక్కన పెట్టడం చాలదు, మరో గదిలో పెట్టండి. ప్రతి వాట్సాప్ గంట మన అప్రస్తుత ప్రసంగి. అవధానికి ఏళ్ల సాధన ఉంది, మన పిల్లవాడికి లేదు. ఒక పని వదిలి మరో పనికి మారినప్పుడల్లా మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది. 25 నిమిషాలు ఒకే పని, 5 నిమిషాలు విరామం అనే లెక్కతో మొదలుపెట్టండి. విరామంలో ఫోను చూడకుండా లేచి నడవండి, మంచినీళ్లు తాగండి.

ఎండ, నడక. ఎండాకాలం ఇక్కడ ఏసీ గది నుంచి ఏసీ కారుకు, ఏసీ కారు నుంచి ఏసీ క్లాసుకు. అక్టోబరు చివర గాలి చల్లబడగానే ఆస్పైర్ పార్కులోనో, కార్నీష్ మీదనో రోజూ అరగంట చురుగ్గా నడవండి. ఇంట్లో గోల ఎక్కువైతే ఖతార్ నేషనల్ లైబ్రరీ ఉంది. మెట్రో గ్రీన్ లైన్లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. నిశ్శబ్దంగా కూర్చుని చదివే చోటు అలవాటైతే, అక్కడ కూర్చోగానే మనసు తానే చదువుకు సిద్ధమవుతుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి రావాలి?

కొన్నిసార్లు మతిమరుపు వెనుక జబ్బు ఉంటుంది. ఆడపిల్లలలో రక్తహీనత తరచుగా చూస్తాం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే అలసట, ఆయాసం, చదువు మీద మనసు నిలవకపోవడం కనిపిస్తాయి. శుద్ధ శాకాహారులలో విటమిన్ బి12 లోపం, ఎండ తగలని మనలాంటివారిలో విటమిన్ డి లోపం, కొందరిలో థైరాయిడ్ మాంద్యం ఉంటాయి. ఇవన్నీ మామూలు రక్తపరీక్షతో తెలుస్తాయి, చికిత్సతో సరవుతాయి. పరీక్ష చేయించకుండా మాత్రలు మింగవద్దు.

చిన్నప్పటినుంచీ కుదురుగా కూర్చోలేకపోవడం, ప్రతి పనీ సగంలో వదిలేయడం ఉంటే ఏకాగ్రత లోపమనే స్థితి కావచ్చు. అది పెంపకంలో తప్పు కాదు, సోమరితనం కాదు. నిపుణులకు చూపించాలి. రెండు వారాలకు పైగా దిగులు, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, "నేను ఎందుకూ పనికిరాను" అనే మాటలు కనిపిస్తే మార్కుల సంగతి పక్కన పెట్టి వెంటనే డాక్టరును కలవండి. ఆ మాట విన్నరోజే కలవండి, పండుగ అయ్యాక అని వాయిదా వేయవద్దు.

బ్రాహ్మి గురించి చాలామంది అడుగుతారు. పన్నెండు వారాల పాటు వాడి చేసిన చిన్న ప్రయోగాలు కొన్ని ఉన్నాయి, కొద్దిపాటి లాభం కనిపించింది. వచ్చే వారం పరీక్షకు అది ఉపయోగపడదు. ఇక స్నేహితులిచ్చే 'చదువు మాత్రలు' అసలు వద్దు. ఉత్ప్రేరక మందులు, నిద్రమాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు ఖతార్‌లో కఠిన నియంత్రణలో ఉన్నాయి. సెలవులకు వెళ్లొచ్చేటప్పుడు చీటీ లేని మాత్రలు పెట్టెలో పెట్టుకురావడం చదువుకే కాదు, కుటుంబం మొత్తానికి ముప్పు.

ఒక వారం ఇలా చేసి చూడండి

1. ఆదివారం లెక్చరు విన్నారనుకోండి. ఆ సాయంత్రమే పుస్తకం తెరవకుండా పది నిమిషాలు తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. తరవాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్రసిరాతో చేర్చండి.

2. మంగళవారం అదే పాఠం మళ్లీ చూడకుండా చెప్పండి. ఎర్రసిరాతో చేర్చినవి మొదట చెప్పండి.

3. శుక్ర, శనివారాలు సెలవు గనుక ఒక గంట వారం మొత్తానికి ధారణ. సబ్జెక్టులు కలిపి ప్రశ్నలు వేసుకోండి. పరీక్షలో ప్రశ్నలు అధ్యాయాల వరసలో రావు.

4. రెండు వారాల తరవాత ఒకసారి, పరీక్షకు ముందు ఒకసారి. అప్పటికి చదవవలసింది కాదు, సరిచూసుకోవలసింది మాత్రమే మిగులుతుంది.

5. పడుకునే ముందు ఆ రోజు నేర్చుకున్న మూడు విషయాలు ఇంట్లో ఎవరికైనా చెప్పండి. ఫోను మరో గదిలో.

మొదటి వారం కష్టంగా ఉంటుంది. చూడకుండా రాస్తే సగం కూడా రాదు. "నాకేమీ రాదు" అనిపిస్తుంది. భయపడవద్దు. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. సులువుగా అనిపించే చదువే మనల్ని మోసం చేస్తుంది.

తల్లిదండ్రులకు మనవి

"ఎన్ని గంటలు చదివావు?" అని అడగడం మానండి. గంటలు లెక్కపెడితే పిల్లలు గంటలే చూపిస్తారు. "ఇవాళ ఏం నేర్చుకున్నావో నాకు చెప్పు నాన్నా" అనండి. మీకు ఆ సబ్జెక్టు అర్థం కాకపోయినా ఫరవాలేదు, అర్థం కానివారికి చెప్పడానికే ఎక్కువ తెలియాలి. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అమ్మకు థర్మోడైనమిక్స్ చెప్పగలిగిన అమ్మాయికి పరీక్ష హాలులో భయముండదు. ఇండియాలో ఉన్న అమ్మమ్మకో, తాతయ్యకో వీడియో కాల్‌లో చెప్పినా మంచిదే. వాళ్లకు మనవడి మాట విన్న తృప్తి, మనవడికి పాఠం నిలిచిన లాభం.

మరొక మాట. మార్కులు తగ్గిన సంగతి ఇంట్లో చెప్పగలిగే వాతావరణం ఉంచండి. మేము ఆ రోజు 'రెండు' వచ్చిందని నాన్నగారికి చెప్పలేదు. ఎన్నో ఏళ్ల తరవాత చెబితే ఆయన నవ్వి, "అప్పుడే చెప్పుంటే నేనే రోజూ ఫోనులో అప్పజెప్పించుకునేవాణ్ణి కదా" అన్నారు. ఆయన అయిదో తరగతి వరకే చదువుకున్నారు. అయినా ఆ మాట అక్షరాలా నిజం.

మూలా నక్షత్రం నాడు అమ్మవారి ముందు పెట్టిన పుస్తకాలను ఉద్వాసన చెప్పేవరకు తెరవకూడదని మన ఇళ్లలో చాలాచోట్ల ఆచారం. ఈసారి ఆ ఒక్క రోజు పిల్లలకు ఒక పని చెప్పండి. పుస్తకం పూజలోనే ఉండనీయండి, పాఠం మాత్రం చూడకుండా మీకు అప్పజెప్పమనండి. ఎంత వచ్చిందో, ఎంత రాలేదో ఇద్దరికీ తెలుస్తుంది. మర్నాడు పుస్తకం తెరిచినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు మీరు చెప్పనక్కరలేదు.